సాగు – ఇరుగుపొరుగు చట్టాలు (తెలంగాణ)

రైతు తన చేనులో చేసే పని పక్క చేనుకు, ఊరి బావికి, ఇళ్లకు చేటు కాకుండా హద్దులు పెట్టే చట్టాలివి. అమెరికా రాష్ట్రాల 'సాగు హక్కు' చట్టాలు, పాత పొలాల పక్కకు కొత్తగా వచ్చి చేరినవారు వేసే దావాల నుంచి రైతును కాపాడతాయి. తెలంగాణలో అలాంటి చట్టం ఒక్కటంటూ లేదు. పశువులకు, నీళ్లకు, కోళ్ల ఫారాలకు వేర్వేరు నిబంధనలున్నాయి.

తొలి దశ

పూర్వం ఈ తగాదాలు ఊరి పెద్దల పంచాయితీలోనే తేలేవి. బ్రిటిష్ ఇండియాలో 1871 నాటి చట్టం ప్రకారం, చేను మేసిన పశువును రైతు 24 గంటల్లో బందెలదొడ్డికి తోలాలి. యజమాని జరిమానా, మేత ఖర్చు కట్టి దాన్ని విడిపించుకోవాలి. ఎవరూ రాకపోతే వేలం వేస్తారు. కొట్లాటకు పోకుండా నష్టానికి లెక్క తేల్చే మంచి పద్ధతి ఇది. నిజాం రాజ్యంలోని జనగామ ప్రాంతానికి ఆ చట్టం అప్పట్లో వర్తించలేదు.

వాల్టా

1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం భూగర్భ జలాన్ని తోడుకునే హక్కును నేల యజమానికే ఇచ్చింది. బోర్లు పెరిగాక ఆ హక్కే ఊరికి చిక్కు తెచ్చింది. జనగామ జిల్లాలోని లింగాల ఘనపూర్ వంటి రాతి నేలల్లో కొత్త బోరు పడితే పాత బావి ఎండడం తెలిసిన కథే. తాగునీటి కోసం 1996లో ఒక చట్టం వచ్చింది. తర్వాత వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) 2002 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. బావులను, బోరు రిగ్గులను నమోదు చేయించాలని అది చెప్పింది. ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు అనుమతి లేకుండా బావి తవ్వకూడదంది. ఊరి బోరు చుట్టూ ఆ కొలతతో వలయం గీస్తే సుమారు 48 ఎకరాలు అందులో పడతాయి. ఊరి దాహం తీరాలంటే ఆ చెలకల రైతులు ఆగాలి. ఈ భారాన్ని అంకెతో తేల్చిన ఉపయోగకరమైన చట్టమిది.

ఇటీవలి దశ

జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 ఆదేశం తర్వాత కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కోళ్ల ఫారాల మార్గదర్శకాలను సవరించింది. ఇవి 2022 నుంచి అమలవుతున్నాయి. వీటి ప్రకారం ఫారం ఇళ్లకు 500 మీటర్ల దూరంలో ఉండాలి. వరి కొయ్యకాళ్లకు పెట్టిన నిప్పు పక్క చేనుకు అంటుకోవడం మరో తగువు. 2024 జూన్ వరకు అమల్లో ఉన్న 1860 నాటి శిక్షాస్మృతి 435వ సెక్షన్, తెలిసి నిప్పు పెట్టిన కేసుల్లో ఇతర ఆస్తికి 100 రూపాయల నష్టాన్ని హద్దుగా పెట్టింది. పంటకు మాత్రం 10 రూపాయల నష్టం చాలంది.