అడ్డపొగ: శ్రీకాకుళము జిల్లాలో ఇంటింటి నోటి పరీక్షల చరిత్ర

ఉత్తరాంధ్ర తీరమున పుట్టి పెరిగిన మనవారికి ‘అడ్డపొగ’ అనగా ఏమో చెప్పనక్కరలేదు. ఇతర ప్రాంతముల సంఘస్థుల కొరకు ఒక మాట వ్రాయుచున్నాము. వెలిగించిన చుట్టను నిప్పు ఉన్న కొన నోటిలోపల ఉండునట్లు పెట్టుకొని, పెదవులు మూసి పీల్చుటయే అడ్డపొగ. మగవారిలోను ఉన్నది గాని ఇది ఎక్కువగా స్త్రీల అలవాటు. ఎందుకిట్లు అని అడిగినచో వారు చెప్పు కారణములు నవ్వి కొట్టివేయదగినవి కావు. గాలికి, వానకు నిప్పు ఆరిపోదు. నాట్లు వేయుచున్నను, చేపలబుట్ట మోయుచున్నను రెండు చేతులు ఖాళీగా ఉండును. చంకలోని బిడ్డపై నిప్పురవ్వ పడదు. ఒక్క చుట్ట చాలసేపు వచ్చును. ఈ అలవాటు మన దేశములోనే గాక పనామా, కొలంబియా, వెనిజులా మొదలైన దూరదేశములలో కూడ కనబడినది.

నిప్పు సెగ నేరుగా తగులు చోటు అంగిలి. సాధారణముగా కాన్సరు చాల అరుదుగా పుట్టు ఆ చోటనే మన ప్రాంతమువారికి తరచుగా పుట్టుచున్నదని వైద్యులు గమనించిరి. బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన డాక్టర్ వి.ఆర్. ఖానోల్కర్, తన సహకారి డాక్టర్ సూర్యాబాయితో కలిసి 1945లో ఒక అమెరికా వైద్యపత్రికలో వ్యాసము ప్రచురించెను. జనుల వాడుకల వలన కలుగు మూడు విధములైన కాన్సరులను వారు అందులో వర్ణించిరి. ధోవతి బిగువున నడుము దగ్గర పుట్టునది ఒకటి, ఖైనీ వలన కలుగునది ఒకటి, మూడవది మన చుట్ట వలన కలుగు అంగిలి కాన్సరు. తరువాతి కాలమున విశాఖపట్నము ఆంధ్ర వైద్య కళాశాలలో డాక్టర్ సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి ఈ విషయముపై ఎంతో కృషి చేసిరి.

అయితే ఆసుపత్రి లెక్క ఎప్పుడును వచ్చినవారి లెక్కయే. ఇంటిలో ఉండిపోయినవారి లెక్క ఎవరికి తెలియును? నొప్పి లేనిదే మనవారు వైద్యుని గడప త్రొక్కరు. అంగిలి మీద వచ్చు మొదటి మార్పునకు నొప్పి ఉండదు. చర్మము తెల్లబారి మందమగును, దాని నడుమ ఎర్రని చుక్కలు లేచును. అద్దములో చూచుకొన్నను అది సులభముగా కనబడు చోటు కాదు.

అందుచేత 1966లో మొదలైన పని గొప్పదని మా అభిప్రాయము. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంత పరిశోధన విభాగమువారు, డాక్టర్ ఫాలీ మెహతా ఆధ్వర్యమున, రోగి వచ్చువరకు కూర్చుండక తామే గ్రామములకు వెళ్ళిరి. కోపెన్‌హాగన్ ఆచార్యులు జె.జె. పిండ్‌బోర్గ్ వారికి తోడ్పడిరి. దేశములో ఐదు జిల్లాలు ఎన్నుకొనబడగా, వాటిలో శ్రీకాకుళము ఒకటి. (విజయనగరము జిల్లా 1979లో గాని ఏర్పడలేదు, కావున నాటి శ్రీకాకుళము నేటికంటె చాల పెద్దది.) ఇంటింటికి తిరిగి ఐదు జిల్లాలలో 50,915 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించిరి. మన జిల్లాలో పరీక్షింపబడిన 10,169 మందిని గూర్చిన వివరములు 1971లో ప్రచురింపబడినవి. వారిలో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ త్రాగువారే! పరాయివాని ఎదుట నోరు తెరచుటకు సిగ్గుపడు పల్లెటూరి స్త్రీలను అంతమందిని ఒప్పించుట ఎంత ఓపికతో కూడిన పనియో, గృహదర్శనములు చేయు మాకు కొంత తెలియును.

లెక్క తీయుటతో వారు ఆగలేదు. 1970వ దశకము చివరి భాగమున ఎర్నాకుళము, భావనగర్, శ్రీకాకుళము జిల్లాలలో పొగాకు వాడుచున్న 36,471 మందిని ఎన్నుకొని, ప్రతి సంవత్సరము మరల వారి ఇంటికే వెళ్ళి నోరు చూచిరి. చూచిన ప్రతిసారి మానుమని ముఖాముఖిగా నచ్చజెప్పిరి. చలనచిత్రములు, రేడియో, పత్రికలు కూడ ఉపయోగించిరి. ఐదు సంవత్సరముల ఫలితములు 1986లో లాన్సెట్ పత్రికలో వెలువడినవి. ఇట్టి బోధ అందని పూర్వపు వారితో పోల్చగా, మానివేసినవారు పెరిగిరి, కాన్సరునకు ముందు వచ్చు మచ్చలు క్రొత్తగా పుట్టుట తగ్గెను. ‘పల్లెవారు చెప్పిన వినరు’ అను మాట మనలో చదువుకొన్నవారి నోట తరచుగా వినబడును. ఆ మాట తప్పని ఈ లెక్కలే చూపుచున్నవి. ఏడాదికొకసారి అదే ముఖము గుమ్మములోనికి వచ్చి అడిగినచో వారు విందురు.

పరీక్ష ప్రాణము నిలుపునా అను ప్రశ్నకు జవాబు కేరళ నుండి వచ్చినది. తిరువనంతపురము జిల్లాలో 1996లో మొదలిడిన పరిశోధనలో శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికి వెళ్ళి కంటితోనే నోళ్ళు పరీక్షించిరి. పొగాకు, మద్యము అలవాటున్న వారిలో నోటి కాన్సరు మరణములు సుమారు మూడవ వంతు తగ్గినవని 2005లో తేలినది. యంత్రములు లేవు, సూదులు లేవు. వెలుతురు, అద్దము, చూచుట తెలిసిన కన్ను – ఇంతే.

2016లో కేంద్ర ప్రభుత్వము 30 సంవత్సరములు దాటిన వారందరికి ఐదేండ్లకొకసారి నోటి పరీక్ష చేయవలెనని మార్గదర్శకములు విడుదల చేసెను. ఆశా కార్యకర్తలు, ఆరోగ్య కార్యకర్తలు ఇందుకు నియమితులైరి. అయినను 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎన్నడైనను నోటి పరీక్ష చేయించుకొన్న 30–49 ఏండ్ల స్త్రీలు దేశమంతటను నూటికి ఒక్కరు కూడ లేరు. అరువది ఏండ్ల క్రిందటనే దారి చూపిన జిల్లా గల మనకు ఈ అంకె మింగుడుపడదు.

అడ్డపొగ నేడు చాలవరకు తగ్గినది. వయసు మళ్ళిన స్త్రీలలో మిగిలియున్నది. మేము వచ్చుచున్నామని తెలియగానే చుట్ట ఆర్పి కొంగున దాచు అవ్వలను చూచియున్నాము. ఒకామె మాతో, “చిన్నప్పట్నించి అలవాటైపోనాది అయ్యగారూ, ఇప్పుడు మానేత్తే ఏటవుతాది?” అన్నది. మేము మందలింపలేదు. ఆమె సిగ్గుపడి దాచినది చుట్టనే గాదు, నోటిని కూడ అని అప్పటికే మాకు అనుమానము కలిగినది. ఆ వీధి ఆశా కార్యకర్తను పిలిపించి, నోరు ఎప్పుడైనా చూపించితివా అని అడిగించితిమి. ఆమె చాలసేపు ఆలోచించి, పన్ను పీకించుకొన్ననాడు ఒక్కసారి చూపితినని, అది తన మనుమరాలు పుట్టక మునుపని చెప్పినది. ఆ మనుమరాలు ఇప్పుడు కాలేజీలో చదువుచున్నది.