నాటు నుంచి కోత దాకా

సికింద్రాబాద్ కంటోన్మెంటులో పెరిగిన మాకు చిన్నప్పుడు తెలిసిన వ్యవసాయ క్షేత్రం ఒక్కటే, మిలటరీ డెయిరీ ఫాం. బోయినపల్లి మీదుగా మేడ్చల్ దారి పట్టేవాళ్లందరికీ డెయిరీ ఫాం రోడ్డు తెలుసు. ఆ కంచె లోపల ఏం జరిగేదో తెలిసినవాళ్లు తక్కువ. సిపాయిలకు శుభ్రమైన పాలు అందాలని ఇంగ్లీషువాళ్లు 1889లో అలహాబాదులో మొదటి మిలటరీ ఫాం పెట్టారు. అక్కణ్నుంచి దండు ఉన్న ఊళ్లకు ఒకటొకటిగా పాకాయి. 1806లో సికందర్ జా పేరు పెట్టుకున్న మా ఊరు దండు ఊరే కాబట్టి ఇక్కడికీ వచ్చింది. హోల్‌స్టీన్ ఫ్రీజియన్‌ను సాహివాల్‌తో కలిపి ఫ్రీస్వాల్ అనే సంకరజాతి ఆవును తయారుచేసింది ఐసీఏఆర్‌తో కలిసి ఈ మిలటరీ ఫారాలే. వీటిని మూసేయాలని 2017లో నిర్ణయించారు. 2021 మార్చి 31న దేశమంతటా మూతపడ్డాయి. అంత పెద్ద పనికి ఊళ్లో మిగిలింది రోడ్డు పేరు.

ఎంసెట్ రాసి రాజేంద్రనగర్ వ్యవసాయ కళాశాలలో చేరేనాటికి నాకు సేద్యంతో ఉన్న పరిచయం ఆ కంచె బయట నిలబడి చూసినంతే. నాలుగో ఏడు నన్నూ మరో ముగ్గురు స్నేహితురాళ్లనూ తూప్రాన్ అవతల ఒక పల్లెకు పంపారు. ఖరీఫ్ అంతా అక్కడే ఉండి, రైతు వెంట పొలానికి వెళ్లి, పని చేసి, నేర్చుకుని రమ్మన్నారు. దాన్నే రావెప్ అంటాం, గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం. తెలంగాణలోగానీ ఆంధ్రలోగానీ వ్యవసాయ పట్టభద్రులను ఎవర్ని కదిపినా గంట సేపు చెప్పే కబురిది. ఈ ఆనవాయితీ ఎక్కణ్నుంచి వచ్చిందో, ఇప్పుడు ఎంతకు కుదించుకుపోయిందో చెప్పాలని చాలా కాలంగా ఉంది.

చదువుకునేవాళ్ల చేతికి మట్టి అంటాలన్న ఆలోచన పాతదే. ఠాగూర్ 1922లో శాంతినికేతన్ పక్కన శ్రీనికేతన్ మొదలుపెట్టి, ఎల్మ్‌హర్స్ట్ అనే ఇంగ్లీషు వ్యవసాయ నిపుణుడికి దాన్ని అప్పజెప్పారు. 1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో విద్యా సమావేశం పెట్టారు. దాని ప్రణాళిక రాసిన కమిటీకి అధ్యక్షుడు జాకిర్ హుసేన్, మన హైదరాబాదులో పుట్టినవారు. చదువు ఒక పక్క, చేతిపని ఒక పక్క కాదు, చేతిపని లోంచే చదువు రావాలన్నది వాళ్ల పట్టు. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఆచార్య ఎన్.జి. రంగా నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నడిపారు. అక్కడ బడికి వచ్చింది రైతులూ వాళ్ల బిడ్డలూ. దున్నడం వాళ్లకు ఒకరు నేర్పేదేమీ లేదు, రాజకీయమూ ఆర్థికమూ నేర్చుకున్నారు. రావెప్ గురించి మాట్లాడేవాళ్లు నిడుబ్రోలును తలచుకోరు. నాకైతే ఆ రెండూ ఒకదానికొకటి కావాలనిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1948–49లో రాధాకృష్ణన్ కమిషన్ గ్రామీణ విశ్వవిద్యాలయాలు కావాలంది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవం ప్రతి స్థాయిలోనూ చదువులో భాగం కావాలంది. 1969లో ఎన్ఎస్ఎస్ వచ్చింది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ బడులకు సమాజోపయోగ ఉత్పాదక కృషిని సూచించింది. మా బడిలో ఎస్‌యూపీడబ్ల్యూ పీరియడంటే కొవ్వొత్తులు పోయడం, చేతిరుమాళ్ల అంచులు కుట్టడం. ఆ పనిని నేను తక్కువ చెయ్యను, సూది పట్టడం అక్కడే వచ్చింది. అయితే గంట కొట్టగానే అయిపోయే పని అది. వానకోసం ఎదురుచూడటం, పురుగు పడితే రాత్రి నిద్రపట్టకపోవడం అందులో ఉండవు.

వ్యవసాయ కళాశాలల దారి వేరు. బాపట్లలో 1945లో, హైదరాబాదులో ఉస్మానియా కింద 1946లో కళాశాలలు వచ్చాయి. 1964 జూన్ 12న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడి వాటిని తన కిందికి తీసుకుంది. 1965 మార్చి 20న లాల్ బహదూర్ శాస్త్రి వచ్చి లాంఛనంగా ప్రారంభించారు. ఆ ఏడాదే ఆయన జై జవాన్ జై కిసాన్ అన్నారు. సికింద్రాబాద్ జవాన్ల ఊరు, రాజేంద్రనగర్ కిసాన్ల చదువు. ఈ రెంటి మధ్య రోజూ బస్సులో తిరిగిన నాకు ఆ నినాదం సొంత మాటలా ఉంటుంది. 1996లో విశ్వవిద్యాలయానికి రంగా పేరు పెట్టారు. 2014లో తెలంగాణకు వేరుపడినప్పుడు రాజేంద్రనగర్‌కు ప్రొఫెసర్ జయశంకర్ పేరు వచ్చింది.

మన విశ్వవిద్యాలయానికి తొలి రోజుల్లో తోడు నిలిచింది అమెరికాలోని కాన్సాస్ స్టేట్. అది 1862 నాటి మోరిల్ చట్టం కింద, ప్రభుత్వ భూమి ఇచ్చి పెట్టించిన కాలేజీల్లో ఒకటి. బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే గొడుగు కింద ఉండాలన్న పద్ధతి అక్కణ్నుంచి వచ్చింది. విస్తరణకు ఆద్యుడైన సీమన్ న్యాప్ 1903లో టెక్సాస్‌లోని టెరెల్‌లో ఒక రైతు పొలంలోనే ప్రదర్శన సాగు చేయించాడు. రైతు తన చేలో తాను చేసి చూసినదాన్నే పూర్తిగా నమ్ముతాడన్నది ఆయన పద్ధతికి పునాది. విద్యార్థికీ అదే వర్తిస్తుందని గుర్తించడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. 1992లో రంధావా కమిటీ వ్యవసాయ డిగ్రీలో గ్రామీణ పని అనుభవం తప్పనిసరిగా ఉండాలని సిఫార్సు చేశాక అది దేశమంతటా స్థిరపడింది.

జూబ్లీ బస్టాండులో మెదక్ బస్సెక్కినప్పుడు మా నలుగురి సంచుల్లోనూ విశ్వవిద్యాలయం వేసే వ్యవసాయ పంచాంగం ఉంది. ఏ పంటకు ఏ తేదీ, ఏ మోతాదు, ఏ దూరం, అన్నీ అందులో ఉంటాయి. మాలో ఇద్దరు రైతు ఇళ్ల పిల్లలు, ఒకరు వరంగల్, ఒకరు గుంటూరు. మూడో అమ్మాయీ నేనూ పట్నం వాళ్లం. మాకు ఊళ్లో ఒక గది చూపించారు, తలా ఒక రైతును అప్పజెప్పారు. మొదటి వారం మమ్మల్ని అందరూ మేడం అన్నారు. నెల తిరిగేసరికి బిడ్డా అన్నారు. మేమూ నాకు అప్పజెప్పిన రైతు పటేలును కాకా అనీ, ఆయన భార్యను పెద్దమ్మ అనీ పిలిచాం.

ముందు పటం. పంచాయతీ ఆఫీసు ముందు నేల అలికి, ముగ్గుపిండితో, రంగులతో ఊరిని గీశాం. రాబర్ట్ ఛాంబర్స్ పేరుతో ప్రపంచమంతా తిరిగిన పద్ధతి అది, ఊరి సంగతులు ఊరివాళ్ల చేతే చెప్పించడం. చెరువు, కుంటలు, బాయిలు, చెలకలు, ఇళ్లు అన్నీ పెట్టాం. ముసలాయన ఒకాయన కర్రతో చెరువు అలుగు మా చేత చెరిపించి ఇటు పక్కకు గీయించాడు. ఆడవాళ్లు అప్పటిదాకా దూరంగా నిలబడి చూశారు. ముగ్గు చేతికివ్వగానే ఒకావిడ కూర్చుని, మేం వదిలేసిన దారి గీసింది. నీళ్ల బిందెలతో వాళ్లు రోజూ నడిచే దారి. మా పటంలో లేనిది అదే.

తర్వాత మట్టి నమూనాలు. పొలంలో ఎనిమిది పది చోట్ల పైన చెత్త తీసేసి, వి ఆకారంలో ఆరంగుళాల గుంట తవ్వి, పక్కనుంచి ఒక పొర గీకి, అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలో మిగిలేదాకా తేవాలి. గట్టు పక్కన తీయకూడదు, చెట్టు కింద తీయకూడదు, పెంటకుప్ప వేసిన చోట తీయకూడదు. ఇది రైతులు ఇష్టంగా చూశారు. తమ మట్టిని ఎవరో అంత శ్రద్ధగా సంచిలో కట్టడం వాళ్లకు నచ్చింది.

అసలు పాఠం నాటు రోజుల్లో మొదలైంది. కాకా చెరువు కింద సాంబ మసూరి పెట్టాడు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన ఆ సన్నరకం, బీపీటీ 5204, నూట యాభై రోజుల పంట. పంచాంగం ప్రకారం ఖరీఫ్‌లో చదరపు మీటరుకు 33 కుదుళ్లు ఉండాలి, రెండు మీటర్లకొకటి చొప్పున కాలిబాట వదలాలి, నారు కొసలు తుంచి నాటాలి. కొసలు ఎందుకంటే కాండం తొలిచే పురుగు గుడ్లు అక్కడ పెడుతుంది, తుంచితే గుడ్ల సముదాయాలు పొలంలోకి రాకముందే పోతాయి. కాలిబాట గాలీ వెలుతురూ ఆడటానికి, దోమపోటు తగ్గడానికి, మందు కొట్టేవాడు నడవడానికి.

నేను బురదలో దిగి నాటేవాళ్ల వరసలో నిలబడ్డాను. పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని చూపించింది. “నారు పిడికిట్ల పట్టుకో బిడ్డా. మూడు పోసలు తీసి ఏళ్లతోటి కుచ్చు. లోతుకు పొడవకు, ఏరు మలుసుకపోతది, పిలకలెయ్యది.” పైపైన నాటితేనే పిలకలు బాగా వస్తాయని మా పుస్తకమూ అంటుంది. బురదలో వేళ్ల చివర ఆ లోతు ఎంతో చెయ్యే నేర్చుకోవాలి. ముందుకు కాదు, వెనక్కి నడుస్తూ నాటాలి. మడమ గుంట పడిన చోట కుదురు పెట్టకూడదు, తేలిపోతుంది. నడుము ఎత్తితే వరస తప్పుతాం.

నాటు అయ్యాక నలుగురం నాలుగు పుల్లలకు తాడు కట్టి మీటరు చదరం చేసి, పొలంలో అక్కడక్కడా వేసి కుదుళ్లు లెక్కపెట్టాం. చాలా చోట్ల ఇరవై దాటలేదు. వరంగల్ అమ్మాయి రైతు పొలంలోనూ అంతే. గుంటూరు అమ్మాయి రైతు పొలంలో మాత్రం ముప్పైకి దగ్గరగా వచ్చింది. రాత్రి గదిలో దీనిమీదే వాదన. నేల తేడానా, నారు వయసా, నీళ్లా? మర్నాడు నాటేసిన ఆడవాళ్లనే అడిగితే ఒక్క మాటలో తేలిపోయింది. ఆ పొలంలో దినం కూలి. మిగతా పొలాల్లో ఎకరం గుత్త. గుత్తకు నాటినప్పుడు ఎంత తొందరగా ఎకరం దాటితే అంత గిట్టుబాటు, మధ్యాహ్నానికి ఇంకో మడి పట్టొచ్చు. కుదురుకూ కుదురుకూ మధ్య దూరం పెరుగుతుంది. కాకాకు ఇది తెలియక కాదు. చెరువులో నీళ్లున్నప్పుడే అందరి పొలాలూ ఒకేసారి నాటాలి, మనుషులు చాలరు, గుత్త ఇవ్వక తప్పదు. కాలిబాట వదలమంటే ఆయన ఒప్పుకోలేదు. చేతికొచ్చే నేల వదిలిపెట్టడం కౌలు కూడా పట్టిన రైతుకు ఎలా కుదురుతుందన్నాడు.

33 అనే అంకె తప్పు కాదు. దాని వెనక ఏళ్ల పరిశోధన ఉంది, నేను ఇవాళ్టికీ రైతులకు అదే చెబుతాను. కానీ ఆ అంకె పొలం చేరాలంటే కూలి లెక్క గుండా, చెరువు నీళ్ల తేదీ గుండా పోవాలని నాకు తరగతిలో తెలియలేదు. చివరికి కాకా ఒక చిన్న మడిని మాకు వదిలాడు. అందులో మేమూ ఆ పెద్దావిడా దినం కూలి లెక్కన తాడు పట్టి నాటాం, కాలిబాట తీశాం.

ఆ మడి ఫలితం తెలిసింది కోతల్లో. అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు కొలిచి కోసి, నూర్చి, తూర్పారబట్టి తూకం వేశాం. తాడు మడిలో గింజ ఎక్కువే వచ్చింది, కాకా తానే రెండోసారి తూచి చూశాడు. పెద్దావిడ మాత్రం నన్నడిగింది, “బస్తా ఎక్కువొస్తే మా గుత్త పైసలు పెరుగుతయా బిడ్డా?” మా నివేదిక నమూనాలో ఆ ప్రశ్నకు గడి లేదు. నేను ఖాళీ కాగితం మీద రాసి చివర కలిపాను. కాకా ఏం అన్నాడంటే, వచ్చే ఏడు దినం కూలికే పెడతాను, కానీ ముందు నాటిన రెండు మడులకే. అది చిన్న మార్పు కాదు. ఒక పంట పూర్తిగా కళ్లముందు జరిగి, గింజ తక్కెడలోకి వచ్చాకే ఆయన నోట ఆ మాట వచ్చింది.

నా బాధ ఇక్కడే. 2015లో ప్రధాని వ్యవసాయ విద్యార్థుల కోసం స్టూడెంట్ రెడీ అనే కార్యక్రమం ప్రకటించారు. ఆ మీదట ఐసీఏఆర్ ఐదో డీన్స్ కమిటీ పాఠ్యప్రణాళికలో పని అనుభవానికి ఇరవై వారాలు కేటాయించారు. అందులో ఒక వారం పరిచయ శిక్షణ, ఎనిమిది వారాలు ఊరు, అయిదు వారాలు పరిశోధనా స్థానమో కృషి విజ్ఞాన కేంద్రమో, రెండు వారాలు మొక్కల వైద్యశాల, మూడు వారాలు వ్యవసాయ పరిశ్రమ, ఒక వారం నివేదిక. ఒక్కొక్కటీ విడిగా చూస్తే అక్కర్లేనిది లేదు. విత్తన శుద్ధి కర్మాగారం చూడని పట్టభద్రుడు ఇవాళ ఉద్యోగంలో ఇబ్బంది పడతాడు. కానీ ఎనిమిది వారాలంటే 56 రోజులు. రాజేంద్రనగర్ నుంచే వచ్చిన తెలంగాణ సోనా, ఆర్ఎన్ఆర్ 15048, సాంబ మసూరి కంటే చాలా ముందు చేతికొచ్చే రకం. దానికీ 125 రోజులు కావాలి. నాటు చూసిన పిల్లలు కోత చూడరు, కోతకు వచ్చినవాళ్లకు ఆ కుదుళ్లు ఎవరు, ఏ కూలికి నాటారో తెలియదు. పటం గీయడానికి, మట్టి తీయడానికి, ఫొటోలకు ఎనిమిది వారాలు చాలు.

వారాలు పెంచడం కుదరకపోతే ఉన్నవాటినే విడదీయవచ్చు. నాలుగు వారాలు జులైలో నాటుకు, నాలుగు వారాలు నవంబరులో కోతకు. మధ్యలో పరిశోధనా స్థానానికీ పరిశ్రమకూ వెళ్లి రావచ్చు. నాటునాడు వేసిన మీటరు చదరం లెక్కలు పుస్తకంలో ఉంచుకుని, అదే ఊరికి, అదే రైతు దగ్గరకు, అదే జట్టుతో తిరిగి వెళ్లాలి. విశ్వవిద్యాలయ విస్తరణ పని చూసే ఏరువాక కేంద్రాల్లో పనిచేసే నా స్నేహితులకు ఈ మాట చెబితే వసతి, బస్సు ఖర్చు, పరీక్షల తేదీలు అడ్డొస్తాయన్నారు. ఆ మూడూ కాగితం మీద సర్దగలిగినవే.