బాల్యమును చదువుట

హైదరాబాదు నగరమున మాసబ్ ట్యాంక్ మీదుగా మెహదీపట్నము వైపు పోవు మనలో పెక్కుమందికి అచ్చట ఒకప్పుడు నిజముగనే చెరువుండెనని తెలియదు. మాసబ్ అనునది ‘మా సాహెబా’ అను మాటకు వాడుకలో వచ్చిన రూపము. తల్లిగారని దాని అర్థము. గోలకొండ రాజమాత హయాత్ బక్షీ బేగమును జనులు ఈ పేరుతో గౌరవించిరి. ఆమె కుమారుడు అబ్దుల్లా కుతుబ్ షా 1626లో సింహాసన మెక్కునాటికి పండ్రెండేండ్ల బాలుడు. రాజ్యభారమును తల్లియే మోయవలసి వచ్చెను. ఆ చెరువు ఉన్న తావున నేడు చాచా నెహ్రూ ఉద్యానము కలదు. అందు పిల్లలు ఆడుకొనుచున్నారు. ఆ పేటలోనే ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చు ప్రభుత్వ సంస్థయు కలదు. బాల్యమును గూర్చి మన ఆలోచన ఎట్లు మారినదో తలపోయుటకు ఇది తగిన చోటు.

పూర్వము బాల్యమనగా త్వరగా దాటవలసిన దశ. రాకుమారులకు ఇంటనే గురువులుండిరి. పల్లెలలో కొలదిమందికి మాత్రము వీధిబడి దక్కెను. ఇసుకలో అక్షరములు దిద్దుట, ఎక్కములు వల్లెవేయుట, తప్పినచో కోదండము వేయించుకొనుట అచ్చటి పద్ధతి. ఏమి నేర్పవలెనో పంతులుగారికి తెలియును. నేర్చుకొను పసివాని మనస్సు ఎట్టిదని అడుగువారు అరుదు. బాల్యమను భావమునకే ఒక చరిత్ర కలదని ఫ్రెంచి చరిత్రకారుడు ఫిలిప్ ఆరియే తన గ్రంథమున వాదించినది 1960లో మాత్రమే. ఆయన వాదములో కొంత భాగమును తరువాతి పండితులు కాదనిరి గాని, ఆ ప్రశ్న మాత్రము నిలిచినది.

మన నగరమున ఆ ప్రశ్న మొదట భాష రూపమున వచ్చినదని చెప్పవచ్చును. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముగా వెలసెను. ఉన్నతవిద్యను దేశభాషలో బోధింపవచ్చునని చాటుట గొప్ప సాహసమే. కాని ఇంట తెలుగు మాట్లాడు బాలునికి ఉర్దూయు నేర్చుకొనవలసిన భాషయే గదా! సిద్ధాంతము మంచిది, అది ఏ బిడ్డను దృష్టిలో నుంచుకొన్నది అనునదే చిక్కు.

1939లో మేరియా మాంటిస్సోరీ మదరాసు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించెను. బిడ్డను ముందు గమనింపుము, పిదప బోధింపుము అనునది ఆమె మార్గము. మదరాసు రేడియోలో అన్నయ్య, అక్కయ్యలుగా పేరొందిన న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో బాలానంద సంఘమును స్థాపించి, 1945లో ‘బాల’ పత్రికను వెలువరించిరి. తరువాత వారు హైదరాబాదునకు తరలివచ్చిరి. పిల్లలకు నీతులు చెప్పుటకు మారుగా పిల్లలచేతనే మాట్లాడించి, పాడించి, ఆడించుట వారి విశేషము. ఆ గొంతులను వినుచు పెరిగినవారు మనలో ఎందరో కలరు.

క్రమముగా విశ్వవిద్యాలయములలో శిశువికాసము, విద్యామనస్తత్వము పాఠ్యవిషయములైనవి. 1986 జాతీయ విద్యావిధానము ననుసరించి కొన్ని శిక్షణ కళాశాలలు ఉన్నతాధ్యయన సంస్థలైనవి. మాసబ్ ట్యాంక్ నందలి సంస్థ అట్టిదే. అయినను ఈ చదువులన్నియు ఎక్కువగా బడిలో కూర్చున్న బిడ్డను గూర్చినవే. బడికి రాని బిడ్డ మాట ఏమి?

ఆ మాట అడిగినవారు హైదరాబాదు విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రాచార్యులైన శాంతా సిన్హా. మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేర 1981లో నెలకొన్న సంస్థ ద్వారా, 1990 దశకమున రంగారెడ్డి జిల్లా గ్రామములలో వారు పని సాగించిరి. బడికి పోని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే అని వారి నిర్వచనము. పేదతల్లిదండ్రులకు చదువుమీద ఆశ లేదను మాటను వారు అంగీకరింపలేదు. పని మానిన పిల్లలను ముందు శిబిరములలో ఉంచి, వయస్సుకు తగిన తరగతికి సిద్ధపరచి, బడికి పంపిరి. 2003లో వారికి మెగసెసే బహుమానము లభించెను. ఆరు మొదలు పదునాలుగేండ్ల పిల్లలకు విద్య హక్కు అని చట్టము వచ్చినది 2009లో. అమలైనది 2010 ఏప్రిల్ 1న.

చట్టము వచ్చినంతనే పని తీరదు. నేడు ఉపాధ్యాయ శిక్షణ పొందు యువకులు పియాజేను చదువుదురు, పాఠప్రణాళికలు వ్రాయుదురు. అది అవసరమే. దానితోపాటు హాజరుపట్టీలో చేరని పేర్లను కూడ వెదకుట వారు నేర్వవలెనని మా మనవి. నాడు రాజైన బాలుని వెనుక తల్లి నిలిచినది. హోటలులో పళ్లెములు కడుగు బాలుని వెనుక నిలువవలసినవారము మనమే.