బెంగళూరు పేటల పేర్లలో మన చెరువులు

మన బడి పూర్వవిద్యార్థుల చిరునామాలు రాయమంటే గోరంట్ల వీధుల పేర్లకన్నా బెంగళూరు పేటల పేర్లే ఎక్కువ రాయాల్సి వస్తుంది. హెబ్బాళ, యలహంక, థణిసంద్ర, మడివాళ, బొమ్మసంద్ర, వైట్‌ఫీల్డ్. ఊరికి నూరు కిలోమీటర్లకు కాస్త పైన ఉన్న ఆ నగరంలో కొందరు కంప్యూటర్ల ముందు, కొందరు కూరగాయల మండీల్లో, కొందరు కడుతున్న భవనాల మీద బతుకు వెతుక్కున్నారు. అక్కడే పుట్టిన పిల్లలకు ఇవన్నీ బస్సు స్టాపుల పేర్లు, మెట్రో స్టేషన్ల పేర్లు. అర్థం ఉందని వాళ్ళకు తోచదు. ఆ పేర్లను చదవడానికి గోరంట్లలో పుట్టినవాడికి నిఘంటువు అక్కర్లేదని నాకు చాలా ఏళ్ళుగా అనిపిస్తూ ఉంది. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఇదే రాద్దామనుకున్నాను.

ముందు రెండు చిన్న తాళంచెవులు. పాత కన్నడంలో మాట మొదట ఉన్న 'ప' కాలక్రమంలో 'హ' అయింది. మన పాలు వాళ్ళ హాలు, మన పులి వాళ్ళ హులి, మన పల్లి వాళ్ళ హళ్ళి. రెండోది: వాళ్ళు 'క' అనేచోట మనం కొన్ని మాటల్లో 'చ' అంటాం. వాళ్ళ కివి మన చెవి, వాళ్ళ కై మన చెయ్యి, వాళ్ళ కెరె మన చెరువు. ఇక పాళ్య అంటే పాళెం, పేటె అంటే పేట, కుంటె అంటే కుంట. హిందూపురం, మడకశిర వైపు వాళ్ళు ఇది చదివి నవ్వుకుంటారు. వాళ్ళ ఇళ్ళలో రెండు భాషలూ ఒకే పొయ్యి మీద ఉడుకుతాయి.

ఈ తాళంచెవితో మొదట హెబ్బాళ తలుపు తీద్దాం. కొడికొండ, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా పోయే మన బస్సు నగరంలో అడుగుపెట్టేది అక్కడే కదా. 2018లో హెబ్బాళలో ఒక వీరగల్లు దొరికింది. గంగరాజు శ్రీపురుషుని కాలం, సుమారు క్రీ.శ. 750 నాటిది. కిట్టయ్య అనే వీరుడు పోరాటంలో చనిపోయిన సంగతి అందులో ఉంది. ఆ ప్రాంతాన్ని ఆ రాతి మీద 'పెర్బొళల్ నాడు' అని చెక్కారు. 'పెర్' అంటే పెద్ద. మన పేరోలగంలో ఉన్న 'పేరు' అదే. 'పొళల్' అంటే పట్టణం. మనకు భట్టిప్రోలులో కనబడే 'ప్రోలు' దాని చెల్లెలు. అంటే హెబ్బాళ తెలుగులో అయితే పెదప్రోలు. కృష్ణా జిల్లాలో ఆ పేరుతోనే ఒక ఊరుంది. పన్నెండు వందల ఏళ్ళకు పైగా జనం నోళ్ళలో నలిగి పెర్బొళల్ హెబ్బాళ అయింది. ఇప్పుడు దాని పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది ఫ్లైఓవర్ మీద ఆగిపోయిన కార్ల వరస.

బెంగళూరు అన్న పేరు సంగతి కూడా ఇలాంటిదే. వేటలో దారి తప్పిన హొయ్సళ రాజు వీరబల్లాళుడికి ఒక అవ్వ ఉడికించిన గింజలు పెట్టిందనీ, అందుకే 'బెందకాళూరు' అయిందనీ అందరూ చెప్పే కథ. కథ బాగుంటుంది, నేనూ పిల్లలకు చెప్పాను. అయితే నగరానికి దక్షిణాన బేగూరు నాగనాథేశ్వరుడి గుడిలో సుమారు 890 నాటి రాయి ఉంది. 'బెంగళూరు కాళగం'లో, అంటే బెంగళూరు యుద్ధంలో, చనిపోయినవాడి స్మారకం అది. బల్లాళుడు పుట్టడానికి చాలా ముందే ఆ పేరు ఉందని ఆ రాయి చెబుతోంది. ఊరి పేర్ల విషయంలో అవ్వ కథకూ రాతికీ తగాదా వస్తే నేను రాతివైపే ఉంటాను. అవ్వను మాత్రం వదులుకోనక్కర్లేదు.

ఇక నగరం నడిబొడ్డు. యలహంక నాడు పాలించిన కెంపేగౌడ 1537లో మట్టికోట కట్టి పేట వేశాడు. ఈయన విజయనగర సామంతుడు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని మన పెనుకొండకు మారింది. అంటే కొంతకాలం బెంగళూరు ప్రభువు చూపు మన కొండవైపే ఉండేదన్నమాట. గంగాగౌరీ విలాసం అనే తెలుగు యక్షగానం కూడా కెంపేగౌడ పేర ప్రసిద్ధం. ఆయన పేటలో వీధులను వృత్తుల వారీగా ఏర్పాటు చేశారు. అక్కిపేటె బియ్యం అమ్మేవాళ్ళది, బళెపేటె గాజులవాళ్ళది, అరళెపేటె పత్తివాళ్ళది, గాణిగరపేటె గాండ్లవాళ్ళది, కుంబారపేటె కుమ్మరులది. మన నేతగాళ్ళు చీరలు మూటగట్టుకుని పోయే చిక్కపేట అంటే చిన్నపేటే. పెద్దపేట, అంటే దొడ్డపేటె, ఇప్పుడు అవెన్యూ రోడ్డు అయింది. మెజెస్టిక్ పక్కనున్న ఉప్పారపేటె దగ్గర ఒక్క క్షణం ఆగండి. మన ఉప్పర్ల పేరది. నగరం చుట్టూ వడ్డరపాళ్య అనే పేర్లు ఒకటికన్నా ఎక్కువచోట్ల కనబడతాయి. వడ్డెరలు, ఉప్పర్లు మట్టి తవ్వి, రాయి కొట్టి, చెరువు కట్టలు వేసినవాళ్ళు. కర్ణాటకలో వాళ్ళలో చాలామంది ఈనాటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. మనవాళ్ళు పనికోసం బెంగళూరు పోవడం నిన్న మొన్న మొదలైంది కాదు.

చెరువులన్నాను కాబట్టి అసలు విషయానికి వస్తాను. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున్న గుట్టల మీది ఊరు. ఊళ్ళో జీవనది లేదు. కురిసిన వానలో కొంత పడమటికి అర్కావతిలోకి, కొంత తూర్పుకు దక్షిణ పినాకినిలోకి జారిపోతుంది. జారిపోయేలోగా పట్టుకోవాలంటే పల్లంలో కట్ట వెయ్యాలి. ఒక చెరువు నిండి మరవ పారితే ఆ నీళ్ళు కింది చెరువుకు, దాని మరవ ఇంకో చెరువుకు. ఇది మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మన సీమ కూడా అలాగే బతికింది. అందుకే అక్కడి పేర్లలో సగం నీళ్ళుంటాయి.

'సంద్ర' చూడండి. బొమ్మసంద్ర, సింగసంద్ర, నాగసంద్ర, దేవసంద్ర, తిప్పసంద్ర, జక్కసంద్ర, థణిసంద్ర. 'సముద్ర' అన్న మాటే నోట్లో అరిగి 'సంద్ర' అయింది. మన పల్లెల్లో సముద్రాన్ని సంద్రం అంటాం కదా, అదే. నూటికి తొంభై మంది సముద్రం చూడకుండానే బతికి పోయిన ఈ ఎత్తుభూమిలో పెద్ద చెరువు నిండితే జనానికి అదే సముద్రం. మామూలుగా ముందుండే పేరు చెరువు కట్టించినవాడిదో, వాడు మొక్కే దేవుడిదో అయివుంటుంది. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం ఉంది, బుక్కరాయల పేరున్న చెరువు. దాన్నిప్పుడు బీకే సముద్రం చేసేశాం. అనంతపురం కూడా ఒక చెరువు పక్కన పుట్టిన ఊరే, ఆ చెరువు అనంతసాగరం. మరి మన మండలంలోనే, హైవే మీద, పాలసముద్రం ఉంది! అది కాస్త దక్షిణానికి జరిగి చిక్కబళ్ళాపురం దాటివుంటే ఈపాటికి పాలసంద్ర అయ్యేది. 2025 ఆగస్టులో మొదలైన బెంగళూరు మెట్రో పసుపు లైనులో సింగసంద్ర ఒక స్టేషను, బొమ్మసంద్ర చివరి స్టేషను. రోజూ ఆ రైలెక్కే మన పిల్లలు ఒక చెరువు దగ్గర బయలుదేరి ఇంకో చెరువు దగ్గర దిగుతున్నారు.

పేరు మిగిలి చెరువు పోయిన చోట్లు కొన్ని. చెరువుతోబాటు పేరూ పోయిన చోట్లు ఇంకొన్ని. మనమంతా మొదటిసారి పెట్టె పట్టుకుని దిగిన మెజెస్టిక్ బస్టాండు ధర్మాంబుధి చెరువు ఉన్న చోటు. మెజెస్టిక్ అన్నది ఒక సినిమాహాలు పేరు. చెరువు ఎండింది, హాలు పేరు ఆ ప్రాంతానికంతా అంటుకుంది. సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయింది. శూలె చెరువు ఫుట్‌బాల్ స్టేడియం అయింది. పెద్ద మార్కెట్ ఉన్నచోట సిద్దికట్టె ఉండేది. కోరమంగళలో 1997 జాతీయ క్రీడల కోసం కట్టిన గేమ్స్ విలేజ్ చెరువు పొట్టలో లేచింది. కెంపేగౌడ నాటి కెంపాంబుధి మాత్రం ఇంకా ఉంది.

దొరల పేర్ల గురించి ఎక్కువ చెప్పను. 1809లో కంటోన్మెంటు వచ్చాక ఫ్రేజర్ టౌన్, కాక్స్ టౌన్, కుక్ టౌన్ లాంటివి వరసగా పుట్టాయి. అన్నీ అధికారుల పేర్లే. వాటిని చదివితే నేల గురించి ఏమీ తెలియదు, ఆ రోజుల్లో కుర్చీలో ఎవరున్నారో తెలుస్తుంది. వైట్‌ఫీల్డ్ ఒక్కటి చెప్పుకోదగ్గది. దాన్ని 'తెల్లపొలం' అని తెలుగు చేసినవాళ్ళను నేనెరుగుదును. అక్కడ తెల్లగా ఉన్నదేమీ లేదు. ఆంగ్లో ఇండియన్ల సంఘం నాయకుడు డేవిడ్ వైట్ ఇంటిపేరది. 1882లో మైసూరు మహారాజు చామరాజ ఒడెయరు ఆ సంఘానికి 3,900 ఎకరాలు ఇచ్చాడు, వ్యవసాయం చేసుకుంటూ ఒక ఊరు కట్టుకోమని. ఇంకో వందేళ్ళకు అక్కడ సాఫ్ట్‌వేర్ పండింది. అటు దక్షిణాన, 1978లో కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు అనే రెండు ఊళ్ళ నేలలో 332 ఎకరాల మీద ఎలక్ట్రానిక్ సిటీ మొదలైంది. కోనప్పన అగ్రహార పేరు అడుగునపడి చాలాకాలం బస్సు కండక్టర్ల నోళ్ళలోనే బతికింది. ఇప్పుడు మెట్రో స్టేషను బోర్డు మీదికి మళ్ళీ వచ్చింది.

ఇదంతా పాత సంగతులమీద మోజు కాదు. 2022 సెప్టెంబరులో బెంగళూరులో బెళ్ళందూరు, సర్జాపుర రోడ్డు, ఔటర్ రింగ్ రోడ్డు వైపు కుంభవృష్టి పడినప్పుడు కోట్ల రూపాయల ఇళ్ళలోంచి జనాన్ని ట్రాక్టర్ల మీద బయటికి తెచ్చారు. నీళ్ళు దారి తప్పి రాలేదు. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పోయే పాత కాలువ దారిలోనే వచ్చాయి, మధ్యలో ఇళ్ళున్నాయి, అంతే. కర్ణాటక వాళ్ళ సంగతి మనకెందుకు అనుకోవడానికి వీల్లేదు. నెల తిరగ్గానే, అక్టోబరులో, అనంతపురం పట్టణంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. వంక అని పేరులోనే ఉంది. ఏళ్ళ తరబడి పారని వంకను జనం వీధి అనుకుంటారు. కరువుసీమలో ఉన్న చిక్కు అదే. నీళ్ళు రాని పదేళ్ళలో నీళ్ళ దారి మరిచిపోతాం. పదకొండో ఏట అది గుర్తు చేస్తుంది.

ఇప్పుడు మన పాలసముద్రం. 2024 జనవరి 16న అక్కడ కస్టమ్స్, పరోక్ష పన్నుల అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీని ప్రధాని ప్రారంభించారు. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి పక్కన భూముల ధరలు ఎలా లేచాయో మీకందరికీ తెలుసు. బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్ళికి వచ్చినప్పటినుంచీ నగరం ఉత్తరానికి, అంటే మనవైపుకే, నడుస్తోంది. రోడ్డు పక్కన లేఅవుట్లు పడుతున్నాయి, రాళ్ళు పాతుతున్నారు. ఆ బోర్డుల మీద పేర్లు చూశారా? సిటీ, టౌన్‌షిప్, ఎన్‌క్లేవ్, గార్డెన్స్. ఫలానా కుంట కింది మడి అనో, ఫలానా వంక గడ్డ అనో ఒక్క బోర్డు మీద లేదు. కొనేవాడికి చెప్పకూడదనే కాబోలు.

మన గోరంట్ల పేరునే తీసుకోండి. ఇదే పేరుతో గుంటూరు పక్కన ఒక ఊరుంది, కర్నూలు జిల్లాలో హంద్రీ దాపున ఇంకొకటుంది. గుంటూరు గోరంట్ల ఇప్పటికే నగరంలో కలిసిపోయింది. అక్కడివాళ్ళకు అదొక పేట. నందికొండల దిక్కున పుట్టి బాగేపల్లి మీదుగా వచ్చే చిత్రావతి పక్కన, మాధవరాయస్వామి గుడి నీడలో ఉన్న మనది ఇంకా ఊరుగానే ఉంది. కాబట్టి మనకింకా కొంచెం వ్యవధి ఉంది.

ఆ వ్యవధిలో చేయదగ్గ పని ఒకటి సంఘం ముందు పెడుతున్నాను. రెవెన్యూ రికార్డుల్లో పొలాలకు సర్వే నంబర్లు ఉంటాయి. మన తాతలకు నంబర్లు కాదు, పేర్లుండేవి. రాళ్ళచేను, గుడిమాన్యం, చౌటి మడి, చింతమాను కుంట. ఇలాంటివి ప్రతి పల్లెలోనూ పదుల కొద్దీ ఉంటాయి. అవి ఇప్పుడు డెబ్భై దాటినవాళ్ళ నోళ్ళలో మాత్రమే ఉన్నాయి. బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు తలా ఒక నోటుపుస్తకం ఇద్దాం. వేసవి సెలవుల్లో ప్రతి ఒక్కరూ తమ ఊళ్ళో అవ్వాతాతలను అడిగి కుంటల పేర్లు, వంకల పేర్లు, చేల పేర్లు, ఏ చెరువు మరవ ఏ చెరువులోకి పారేదో రాసుకు రావాలి. సాంఘికశాస్త్రం అయ్యవార్లు వాటిని ఊరివారీగా ఒక పటం మీద గుర్తించి బడి గ్రంథాలయంలో ఉంచాలి. నోటుపుస్తకాల ఖర్చు బెంగళూరులో ఉన్న మనం పెట్టుకోవచ్చు. అక్కడినుంచి పండక్కి వచ్చినప్పుడు మన ఇంటి పెద్దవాళ్ళను మనమే అడగవచ్చు కూడా. పాలసముద్రం పిల్లలతో మొదలుపెట్టడం మంచిదని నా ఉద్దేశం. అక్కడ రాళ్ళు ముందు పడుతున్నాయి.