ఆల్ ద యంగ్ డ్యూడ్స్ (పాట)

ఆల్ ద యంగ్ డ్యూడ్స్ ఇంగ్లాండుకు చెందిన మాట్ ద హూపుల్ అనే రాక్ సంగీత బృందము 1972 జూలై 28న విడుదల చేసిన సింగిల్. దీనిని రచించి, స్వరపరచి, నిర్మించినవాడు డేవిడ్ బౌయీ. "కుర్రకారంతా" అని ఈ పేరును స్థూలముగా తెలుగులో చెప్పవచ్చును. గ్లామ్ రాక్ శైలికి చెందిన పాటలలో మిక్కిలి ప్రసిద్ధి చెందినవాటిలో ఇది ఒకటి. విడిపోవడానికి నిశ్చయించుకున్న ఒక బృందమును ఈ పాట తిరిగి నిలబెట్టినది.

గ్లామ్ రాక్

1970 దశకపు తొలి సంవత్సరాలలో బ్రిటనులో వ్యాప్తి చెందిన రాక్ సంగీత శైలిని గ్లామ్ రాక్ అంటారు. మెరిసే దుస్తులు, ముఖానికి రంగులు, ఎత్తు మడమల బూట్లు, స్త్రీపురుష భేదమును చెరిపివేసే వేషధారణ దీని బాహ్య లక్షణములు. సులభముగా నోటికి వచ్చే పల్లవి, బరువైన గిటారు, చప్పట్లు సంగీత లక్షణములు. టి. రెక్స్ బృందపు మార్క్ బోలన్, డేవిడ్ బౌయీ, స్లేడ్, రాక్సీ మ్యూజిక్ మొదలైనవారు ఈ శైలిలో ప్రముఖులు.

నేపథ్యము

మాట్ ద హూపుల్ బృందములో ఇయాన్ హంటర్ (గానం, పియానో), మిక్ రాల్ఫ్స్ (గిటారు), ఓవరెండ్ వాట్స్ (బేస్ గిటారు), వెర్డెన్ అలెన్ (ఆర్గన్), డేల్ గ్రిఫిన్ (డ్రమ్స్) సభ్యులు. 1969 నుండి 1971 వరకు ఐలాండ్ రికార్డ్స్ సంస్థ ద్వారా వీరు నాలుగు ఆల్బములు వెలువరించారు. కచేరీలకు జనం విరివిగా వచ్చినా రికార్డులు మాత్రము అమ్ముడుపోలేదు. 1972 మార్చిలో స్విట్జర్లాండులో, వాడుకలో లేని ఒక గ్యాస్ ట్యాంకులో ఏర్పాటైన కచేరీ తరువాత నిరాశ చెంది బృందమును రద్దు చేసుకొనుటకు నిర్ణయించుకున్నారు.

ఈ బృందమంటే బౌయీకి అభిమానము. అంతకు పూర్వమే సఫ్రజెట్ సిటీ అనే తన పాటను వారికి పంపగా వారు దానిని స్వీకరించలేదు. బృందము విడిపోయిన తరువాత ఉద్యోగము కొరకు వాట్స్ బౌయీకి ఫోను చేసినప్పుడు అతనికి ఈ సంగతి తెలిసినది. వారిని కొనసాగింపజేయవలెనని తలచి బౌయీ ఆల్ ద యంగ్ డ్యూడ్స్ పాటను వారికి ఇచ్చాడు. లండనులోని ఒక కార్యాలయములో నేలపై కూర్చుండి గిటారుతో వినిపించగా, ఇది విజయము సాధించగలదని హంటర్ వెంటనే గ్రహించాడు. బౌయీ మేనేజరు టోనీ డెఫ్రీస్ వారిని ఐలాండ్ ఒప్పందము నుండి తప్పించి సి.బి.ఎస్. సంస్థలో చేర్పించాడు.

రికార్డింగు

1972 మే నెలలో లండనులోని ఒలింపిక్ స్టూడియోలో పాటను రికార్డు చేశారు. బౌయీ పల్లవిలో గొంతు కలిపాడు. ముగింపులో హంటర్ మాటలాడుతున్నట్లుగా పలికినవి అప్పటికప్పుడు కల్పించినవి. మూల సాహిత్యములో ఒక ప్రసిద్ధ దుకాణముల సంస్థ పేరు వచ్చును. బి.బి.సి.లో వాణిజ్య ప్రకటనలు నిషిద్ధము కనుక, ప్రసారము కొరకు ఆ పంక్తిని మార్చి మరల పాడవలసి వచ్చినది.

విజయము

ఈ సింగిల్ బ్రిటిష్ చార్టులో 3వ స్థానమునకు, అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 37వ స్థానమునకు చేరినది. అదే పేరుతో బౌయీ నిర్మించిన ఆల్బము 1972 సెప్టెంబరులో వెలువడి బ్రిటనులో 21వ స్థానము పొందినది. యువతను గూర్చిన ఈ పాట పాడేనాటికి హంటర్ (జననం 1939) ముప్పై ఏళ్ళు దాటినవాడు.

అయితే ఈ విజయము బౌయీ చలవేనన్న మాట బృందమునకు భారమైనది. తరువాతి ఆల్బమును వారే నిర్మించుకొని, స్వంత రచనలతో ఆ మాటకు సమాధానము చెప్పారు. 1973లో వచ్చిన హోనలూచీ బూగీ (12వ స్థానము), ఆల్ ద వే ఫ్రమ్ మెంఫిస్ (10వ స్థానము), రోల్ అవే ద స్టోన్ (8వ స్థానము) హంటర్ రచనలే.

అర్థము, ప్రభావము

చాలామంది దీనిని యువతరపు గీతముగాను, స్వలింగ సంపర్కుల ఆత్మగౌరవ గీతముగాను భావించారు. బౌయీ మాత్రము 1974లో ప్రచురితమైన ఒక సంభాషణలో, ఇది యువతను కీర్తించే పాట కాదనీ, అందుకు పూర్తిగా విరుద్ధమనీ చెప్పాడు. జిగ్గీ స్టార్‌డస్ట్ కథలో రానున్న ప్రళయమును గూర్చిన వార్తనే ఇందలి కుర్రకారు మోసుకొని తిరుగుతున్నదని అతని వివరణ.

బౌయీ స్వయముగా పాడినది డేవిడ్ లైవ్ (1974) ఆల్బములో ఉన్నది. 1992 ఏప్రిల్ 20న వెంబ్లీ స్టేడియములో జరిగిన ఫ్రెడ్డీ మెర్క్యురీ సంస్మరణ కచేరీలో హంటర్, బౌయీ, మిక్ రాన్సన్, క్వీన్ బృంద సభ్యులు కలిసి ఈ పాటను ఆలపించారు. 1973లో మాట్ ద హూపుల్ కచేరీలకు ముందుగా పాడిన బృందము క్వీనే కావడము విశేషము.