ఫ్లింట్ నీటి సంక్షోభం

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఫ్లింట్ నగరంలో ఖర్చు తగ్గించేందుకు తాగునీటి వనరును మార్చడంతో తలెత్తిన ప్రజారోగ్య విపత్తు. దీన్ని సాధారణంగా 2014 ఏప్రిల్ నుంచి లెక్కిస్తారు. నగర పాలన రాష్ట్రం నియమించిన ఎమర్జెన్సీ మేనేజర్ల చేతికి వెళ్లిన 2011 చివరి నుంచి లెక్కించడమే సబబుగా తోస్తుంది.

నేపథ్యం: జనరల్ మోటార్స్ పుట్టిన ఊరు ఇది. 1960లో దాదాపు 1,97,000 ఉన్న జనాభా 2010 నాటికి 1,02,000కు తగ్గింది. కార్ల ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, ఆస్తిపన్ను రాబడి పడిపోయింది, రాష్ట్రం నగరాలకిచ్చే వాటాలోనూ కోత పడింది. ఇందులో దేని పాలు ఎక్కువన్నది వివాదాస్పదమే.

నీటి మార్పు: 2014 ఏప్రిల్ 25న డెట్రాయిట్ నీటిని ఆపి ఫ్లింట్ నది నీరు వదిలారు. రెండేళ్లలో సుమారు 50 లక్షల డాలర్లు ఆదా అవుతాయని అంచనా. నగర కౌన్సిలే దీన్ని ఆమోదించిందని కొందరు రాశారు. అయితే 2013 మార్చిలో కౌన్సిల్ ఓటు వేసింది హ్యూరాన్ సరస్సు నుంచి రానున్న కొత్త పైపులైనుకు మాత్రమే.

డెట్రాయిట్ నీటిలో పైపుల లోపలి పూతను నిలిపే ఫాస్ఫేట్ ఉండేది. నది నీటిలో దాన్ని కలపలేదు. క్లోరైడ్ ఎక్కువున్న ఆ నీటికి పూత కరిగి సీసం ఇళ్లలోకి వచ్చింది. తుప్పుపట్టిన ఇనుము, క్రిములను చంపే క్లోరిన్‌ను హరించేసింది. 2014 అక్టోబరులో ఇంజిన్ భాగాలు తుప్పు పడుతున్నాయని జనరల్ మోటార్స్ ఈ నీటిని మానేసింది. ఇళ్లకు మాత్రం మరో ఏడాది అదే నీరు వెళ్లింది.

ఆరోగ్య ప్రభావం: 2015లో డాక్టర్ మోనా హన్నా-అటీషా బృందం, రక్తంలో సీసం ఎక్కువున్న అయిదేళ్లలోపు పిల్లల వాటా 2.4 శాతం నుంచి 4.9 శాతానికి పెరిగిందని చూపింది. 2014-15లో లీజియోనేర్స్ వ్యాధి (నీటిలో పెరిగే బ్యాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియా) దాదాపు 90 మందికి సోకింది. అధికారిక లెక్కలో మరణాలు 12. అసలు సంఖ్య ఇంకా ఎక్కువని కొందరి వాదన. వ్యాధి మూలంపైనా భిన్నాభిప్రాయాలున్నాయి. నీటిలో క్లోరిన్ తగ్గడమే ప్రధాన కారణమన్న వాదనకు ఆధారాలు బలంగా ఉన్నాయి.

పర్యవసానం: 2015 అక్టోబరు 16న డెట్రాయిట్ నీటిని పునరుద్ధరించారు. గవర్నరు నియమించిన కార్యదళం 2016 మార్చిలో ప్రధాన బాధ్యతను రాష్ట్ర పర్యావరణ శాఖపై మోపింది, ఎమర్జెన్సీ మేనేజర్లనూ తప్పుపట్టింది. 2021లో కోర్టు ఆమోదించిన పరిహారం సుమారు 62.6 కోట్ల డాలర్లు, అంటే ఆశించిన ఆదాకు నూరు రెట్లకు పైమాటే. అందులో అత్యధిక భాగం పిల్లలకే కేటాయించారు. సీసం వల్ల పసివారి మెదడుకు కలిగే నష్టం మాత్రం పూర్తిగా పూడేది కాదు.