పురుగు మందు మానిన పల్లెలు

దోహాలో శుక్రవారం నాడు నలుగురం కలిస్తే, మాట ఎటు తిరిగినా చివరికి ఊళ్ళోని పొలం దగ్గరికే వస్తుంది. "ఈ ఏడు కౌలు ఎంతకిచ్చారు?" అని అడుగుతాం. ఆ పొలంలో ఏమి చల్లుతున్నారని మాత్రం అడగం. అందుకే ఈ చరిత్ర కాస్త చెప్పుకుందాం.

1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోనూ, 1997-98లో వరంగల్ జిల్లాలోనూ పత్తి రైతులు అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్నారు. పురుగు మందులకు లొంగలేదు. అయినా మందు మీద మందు కొట్టారు. తెలివి లేక కాదు. విత్తనం, ఎరువు, మందు అరువిచ్చేదీ, చివరికి పంట కొనేదీ చాలాచోట్ల ఒకే షావుకారు. బాకీ తీరేదాకా అతని మాటే శాస్త్రం.

ఈ ముడి విప్పిన ఊళ్ళలో అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల ఒకటి. ఒక స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో కొద్దిమంది రైతులు వేప గింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి ద్రావణం, లింగాకర్షక బుట్టలతో మొదలుపెట్టారు. మిగతావాళ్ళు గట్టు మీద నిలబడి చూశారు. ఖర్చు తగ్గింది, పంట చేతికొచ్చింది. అప్పుడు వాళ్ళూ దిగారు. మందు కొట్టినవారి ఒంటి బాధ ఇంట్లో చూసిన ఆడవాళ్ళు సంఘాలుగా వెనుక నిలిచారు. 2004 నాటికి ఊరంతా పురుగు మందులు మానింది. ఆ తరువాత మహిళా సంఘాల ద్వారానే ఈ పద్ధతి అనేక జిల్లాలకు పాకింది. 2006లో వరంగల్ జిల్లా ఏనెబావి పూర్తి సేంద్రియ గ్రామమయింది. 2016 నుండి ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యాన్ని ప్రచారం చేస్తున్నది.

2017 జూన్‌లో సరిహద్దు మూసుకున్నాక ఖతార్ ఎడారిలోనే పాడి, కూరగాయలు ఎంత త్వరగా పెరిగాయో మనకు తెలుసు. పెట్టుబడీ, కొనేవాళ్ళూ ఉన్నారు గనుక పెరిగాయి. మన చిన్న రైతుకు ఆ రెండూ కరువు. కౌలు రైతుకైతే మూడోది కూడా లేదు: కాలం. పచ్చిరొట్ట, పశువుల ఎరువు వేసిన నేల కోలుకోవడానికి కొన్నేళ్ళు పడుతుంది. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం ప్రకారం సాగు ఒప్పందం 11 నెలలే. పై ఏడు పొలం తనకుంటుందో లేదో తెలియనివాడు జీలుగ ఎందుకు చల్లుతాడు?

ఈ ఒక్క ముడి విప్పడం మన చేతిలో ఉంది. ఈసారి ఊరికి ఫోను చేసినప్పుడు కౌలు ఎంతని కాక, ఎన్నేళ్ళకని మాట్లాడదాం.